దొనకొండ మీదుగా

రైలు మార్కాపురం రోడ్డు స్టేషను దాటి అయిదు నిమిషాలు కాలేదు, మస్తానమ్మ నీళ్ళసీసా మూత తీయడం ఇది మూడోసారి. తాగడానికి కాదు, నాలుక తడుపుకోవడానికి. గుక్కెడు నోట్లో పోసుకుని ఆ చెంప నుంచి ఈ చెంపకు తిప్పి మింగిందో లేదో, నాలుక మళ్ళీ అంగిటికి అతుక్కుంది. ఎదురుగా కిటికీ పక్కన కూతురు కావ్య ఫోను చేతిలో పెట్టుకుని, దాన్ని చూడకుండా తల్లినే చూస్తోంది. చూడనీ. పొద్దున దొనకొండ నుంచి ఇద్దరూ రక్తపరీక్షకని మార్కాపురం వచ్చారు, మూడు నెలలకోసారి రావలసిన రాకే, సూది గుచ్చినచోట పెట్టిన దూది ఇంకా మోచేతి మడతలో ఉండగానే గిద్దలూరు పక్కన పుట్టింటి నుంచి అన్న రమేష్ ఫోను చేశాడు. "నాయన పోయినాడమ్మా. టీ తాగి గోడకానుకోని కూచున్నోడు అట్లనే పోయినాడు. నువ్వు రా. నువ్వొచ్చిందాకా ఎత్తం." అంతవరకూ అన్ని చావు కబుర్లలాగానే ఉంది. తరవాత కొంచెంసేపు ఫోనులో ఎవరో ఏడవడం, ఎవరో కుర్చీలు లాగడం వినిపించాయి. అప్పుడు అన్న తగ్గు స్వరంతో అడిగాడు, "నీ గొంతెట్లుందమ్మా?" మస్తానమ్మ బదులు చెప్పబోయింది. వచ్చింది గాలి. ఆ గాలే బదులనుకుని అన్న ఫోను పెట్టేశాడు.

చావు కబురు చెబుతూ గొంతెట్లుందని అడిగేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా అంటే, వాళ్ళ ఊళ్ళో ఉంటారు. బయటి ఊరికి కాపురానికి పోయిన ఆడబిడ్డ పుట్టింట్లో చావుకు వచ్చిందంటే, ఊరి మొదటి ఇల్లు కనపడగానే రాగం ఎత్తుకోవాలి. బస్సు దిగినా సరే, ఆటో దిగినా సరే, ఇప్పుడు కార్లు దిగేవాళ్ళయినా సరే. ఆ రాగం చెవిన పడ్డాకే శవం దగ్గర కూచున్న ఆడవాళ్ళు లేస్తారు, వీధిలోకి ఎదురొస్తారు, మెడల మీద చేతులేసుకుని అందరూ కలిసి ఏడుస్తూ లోపలికి తీసుకుపోతారు. మనిషి కనపడకముందే రాగాన్ని బట్టి ఫలానావాళ్ళ కూతురు వచ్చిందని పోల్చుకుంటారు. రాగం తీయకుండా వచ్చిన ఆడబిడ్డకు ఎవరూ ఎదురు రారు, రావాలని వాళ్ళకు తెలియదు కూడా. అందులోనూ మస్తానమ్మ మామూలు ఆడబిడ్డా? గిద్దలూరు నుంచి దొనకొండ దాకా గొర్రెలు కాసుకునే ఇళ్ళల్లో పెద్ద చావు జరిగితే ఆమెకు ఆటో పంపించేవాళ్ళు. ఆమె శోకం పెడితే, చచ్చినవాడి మీద కోర్టుకెక్కిన దాయాదులు కూడా తువ్వాళ్ళు నోట్లో కుక్కుకున్నారని చెప్పుకునేవాళ్ళు. కలుపుల్లో, పెళ్ళి నలుగుల్లో, కోలాటాల్లో పాడిన గొంతే అది, కానీ శోకం వేరు. పాటకు మాటలు ముందే ఉంటాయి. శోకానికి అప్పటికప్పుడు రావాలి. ఆ మనిషి ఎక్కడ పుట్టాడో, ఏం తిన్నాడో, ఎవరితో పోట్లాడాడో, ఏ ఏడు ఏం పోగొట్టుకున్నాడో ఒక్కటొక్కటే రాగంలో ఎక్కి రావాలి. ఒక మనిషి బతుకును ఊరంతా కూచుని వినేది ఆ ఒక్కరోజే. ఇవాళ ఆ ఊరు మస్తానమ్మ నాయన ఆదెయ్య బతుకు వినడానికి కూచుని ఉంటుంది. చెప్పవలసిన కూతురు రైల్లో నీళ్ళు పుక్కిలిస్తోంది.

ఎప్పుడు మొదలైందో ఆమె సరిగా చెప్పలేదు. ముందు కళ్ళు, ఇసుక పడ్డట్టు గరగర. ఎండుమిరపకాయల తొడిమలు తీసేటప్పుడు అందరి కళ్ళూ కారుతుంటే ఆమెవి కారకపోయేసరికి పక్కన కూచున్న ఆడవాళ్ళు అదృష్టవంతురాలివి అన్నారు. తరవాత నోరు, ముద్ద ముద్దకూ నీళ్ళు తాగితే తప్ప అన్నం దిగేది కాదు. తరవాత వేళ్ళ కణుపులు. గొంతు అన్నిటికన్నా చివర. అది కూడా ఒక్కసారిగా పోయి ఉంటే ఏడ్చి ఊరుకునేది. పైస్థాయి ముందు పోయింది. ఎత్తుకున్న రాగం ఒకచోటికి పోయి అక్కడ తెగేది, తెగినచోట గాలి వచ్చేది, దాన్ని దగ్గుతో కప్పుకుని కిందికి దిగి పాడేది. దిగి దిగి, చివరికి మాట్లాడటానికి పాడటానికి తేడా లేనంత కిందికి వచ్చింది. ఒకాయన జలుబన్నాడు, ఒకాయన అరిచి అరిచి గొంతులో కాయ కాసిందన్నాడు, ఊళ్ళో ఒకావిడ పరాయి శవాల మీద ఏడ్చీ ఏడ్చీ ఆ దోషం చుట్టుకుందని తేల్చేసింది. మూడేళ్ళు తేనె, మిరియాలు, కరక్కాయ. ఆఖరికి ఒంగోలులో ఒక డాక్టరమ్మ కింది రెప్పల్లో రెండు కాగితం ముక్కలు పెట్టి అయిదు నిమిషాలు కళ్ళు మూసుకోమంది. తీసి చూస్తే కాగితాలు పెట్టినవి పెట్టినట్టే పొడిగా ఉన్నాయి. మనల్ని కాపాడవలసిన శక్తే దారి తప్పి మన మీదికి తిరిగిందమ్మా అని చెప్పింది డాక్టరమ్మ, కన్నీళ్ళు ఊరేచోటి మీద, ఉమ్మి ఊరేచోటి మీద, కీళ్ళ మీద. గొంతులో కూడా చిన్న కీళ్ళుంటాయట. జబ్బుకు షోగ్రెన్స్ అని ఒక పేరు, ఆటోఇమ్యూన్ అని ఒక ఇంటిపేరు. మాత్రలు వేసుకుంటే ప్రాణానికి భయం లేదంది. పాట సంగతి అడిగితే కాగితం మీద ఏదో రాస్తూ, ఉన్నది ఉన్నట్టు నిలుపుకోవడం కూడా కష్టమేనంది. తిరిగి వచ్చేటప్పుడు మస్తానమ్మ బస్సులో పొదిలి దాకా ఏడ్చింది, ఒక్క చుక్క రాలేదు. పక్క సీటామె ఆమె తలనొప్పితో ఉందనుకుని జండూబామ్ ఇచ్చింది.

తర్లుపాడులో రైలు ఆగింది. ఉడకబెట్టిన శనక్కాయల గంపతో ఒకామె ఎక్కింది. తర్లుపాడు. ఈ పేరును మస్తానమ్మ చదవడం రాకముందే కాళ్ళతో నేర్చుకుంది. ఏటా పంటలు ఇళ్ళకు చేరాక ఆదెయ్య మందను తోలుకుని తూర్పుకు కదిలేవాడు. కోతలైన చేలల్లో రైతులు మంద కట్టించుకునేవాళ్ళు, జీవాలు అక్కడ పడుకుంటే చేనుకు ఎరువు, ఆదెయ్యకు గింజలు. తల్లి లేని పిల్ల కాబట్టి, అన్నను మేనత్త దగ్గర వదిలి, ఈమెను వెంట తీసుకుపోయేవాడు. ఏడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా ఆమె బడి గొర్రెల వెనకే. కాళ్ళు నొప్పులంటే ఎత్తుకునేవాడు కాదు, ఊళ్ళ పేర్లు వరస కట్టి పాడించేవాడు. గిద్దలూరు, కంభం, తర్లుపాడు, మార్కాపురం, పొదిలి, కనిగిరి. మళ్ళీ బేస్తవారిపేట మీదుగా ఇల్లు. ముందు ఆయన ఒక ఊరనాలి, తరవాత ఆమె ఒక ఊరనాలి, పాట ఆగితే నడక ఆగుతుంది, నడక ఆగితే మంద చెదురుతుంది. ఆమెకు రాగం వచ్చింది అక్కడే. ఒక కరువేడు మాత్రం ఉత్తరానికి పుల్లలచెరువు వైపు అడవంచుకు పోయారు. వాగులో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడి, ముందు సూడిగొర్రెకు పెట్టాడు, తరవాత కూతురికి, ఆఖరున తను. గొర్రె తరవాతనా నేను అని ఆమె పొద్దుగూకే దాకా మాట్లాడలేదు. ఇప్పుడు రైల్లో, సీసాలో సగం నీళ్ళు చూసుకుంటుంటే, ఆయన తాగాడా అసలు అన్న అనుమానం వచ్చింది. తాగడం చూసిన గుర్తు లేదు.

పద్దెనిమిదో ఏట దొనకొండ వైపు సంబంధం కుదిరింది. ఆ ఏటి నుంచి ఆదెయ్య వరస మారింది. మార్కాపురం నుంచి తిన్నగా పొదిలి దారిన కనిగిరి పోవలసినవాడు, మందనంతా తిప్పుకుని దొనకొండ వచ్చేవాడు. అది దారి కాదు. నాలుగు రోజుల చుట్టు, మేత లేదు, నీళ్ళు అంతకన్నా లేవు. తోటి కాపరులు ఎగతాళి చేసేవాళ్ళు, "ఏంది ఆదెయ్యా, దొనకొండ రాళ్ళల్లో ఏం మేస్తయ్ నీ గొర్లు?" అని. "నా గొర్లకు ఆ రాళ్ళంటేనే ఇష్టం, ఏం జేద్దు" అనేవాడు. ఊరి బయట దుమ్ము లేస్తే అత్త వెంకటరత్నమ్మ కొంగు సర్దుకుని, "మీ నాయన పటాలం వచ్చినాది, మజ్జిగ కలుపు" అనేది. అరుగు మీద కూచుని ఒక చెంబు మజ్జిగ తాగి, కూతురి ముఖం ఒకసారి, చేతులు ఒకసారి చూసి, ఇంకేం అమ్మా అని గంటలో లేచేవాడు. ఆ గంట కోసం మూడు వందల జీవాలను ఎండలో నాలుగు రోజులు నడిపించేవాడు. ఇరవై రెండేళ్ళు అట్లా వచ్చాడు. మోకాళ్ళు పోయి మంద అమ్మేశాక ఇదే రైల్లో రావడం మొదలుపెట్టాడు.

పోయినేడు వచ్చాడు కదా. డాక్టరమ్మ చెప్పిన మాట ఫోనులో విన్న మూడోరోజు దిగాడు, సంచిలో కొర్రలు, ఒక జత కొత్త చెప్పులు. ఆమె బోరు దగ్గర బండ మీద దుప్పటి ఉతుకుతుంటే ఎదురుగా గొంతుకూచున్నాడు. గొంతు పోతదంట గదమ్మా అన్నాడు, పోతదంట అని ఆమె అంది. అప్పటికింకా సగం ఉంది. తగ్గించి పాడితే నాలుగు చరణాలు పాడగలిగేది. "అంతా పోకముందే నాది పాడు, ఇంటా" అన్నాడు. నీదేంది అంటే, "నా శోకమే" అని, చెప్పుల ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు. మస్తానమ్మకు ఒళ్ళు మండింది. "తూ, అవేం మాటలు నాయనా! బతికున్నోనికి శోకం పెడ్తారా ఎవురన్నా?" "సచ్చినాక నాకేం ఇనపడ్తాది? ఊరందరిదీ పాడ్తివి, మీ అత్తది పాడ్తివి, నేను కాడనే ఉండి ఇంటి. నాదొక్కటి నేను ఇంటే తప్పా?" ఆమె సబ్బునీళ్ళ దుప్పటి బండ మీద విసిరికొట్టి, లేచి పో ఇక్కణ్ణించి అంది. నాయనను ఆ మాట అంది. ఆయన నవ్వాడు. మోకాళ్ళు పట్టుకుని లేస్తూ, పాడే రోజుకు గుర్తుండాలన్నట్టు వేళ్ళు మడిచి చెప్పాడు. "దానధర్మాలు చేసిన మారాజా అని అందరికీ పెట్టినట్టు పెట్టొద్దు నాకు. అబద్ధాలొద్దు. గొర్లు కాసినోన్ని గొర్లు కాసినోడనే చెప్పు. రోగమొచ్చి వారంలో అరవై జీవాలు పోయిన ఏడు ఇడిసిపెట్టొద్దు. ఊర్లు వరసగా చెప్పు." అంతే. ఆ సాయంత్రం రైలుకు పోయాడు. పాడితే నిజమవుతుందని భయపడింది ఆమె. పాడకపోయినా నిజమైంది. ఆయన అడిగింది ఏమంత పెద్దది, పాటే కదా, ఆమె దగ్గర ఉన్నదే కదా, ఊరి మీది వాళ్ళందరికీ పంచిపెట్టిందే కదా. కన్నవాడు నోరు తెరిచి అడిగితే అశుభమంది. ఈ ఏడాదిలో ఎన్నిసార్లు అనుకుంది, ఈసారి పోయినప్పుడు తలుపు మూసుకుని మెల్లగా పాడి వినిపిద్దామని. పోయిన ప్రతిసారీ గొంతు ఇంకొంచెం తగ్గి ఉండేది, ఇంత గొంతుతో నాయన శోకమా అని సిగ్గుపడి తిరిగి వచ్చేది. రాగం బాగుండాలని చూసుకుంది, అదీ ఆమె తప్పు.

"అమ్మా, ఒక మాట చెప్తా, తిట్టొద్దు" అంది కావ్య. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, తల్లి మాటకు తనే గొంతయి ఆస్పత్రుల్లో, బస్సుల్లో ఏడాదిగా మాట్లాడుతోంది. "అవ్వ పోయినప్పుడు నువ్వు పెట్టిన శోకం నా ఫోన్లో ఉంది. మామోళ్ళింట్లో స్పీకరు ఉంటది. ఊరి మొదట్లో ఆన్ చేస్తే... ఎవరికేం తెలుస్తది? ఇప్పుడు చానామంది అట్లనే పెడ్తుండారు." మస్తానమ్మ ఏమీ అనకముందే ఇయర్ ఫోను ఒకటి తల్లి చెవిలో పెట్టింది. నాలుగేళ్ళ కిందటి మధ్యాహ్నం చెవిలోకి వచ్చి పడింది. ముందు కోడి, ఎవరో పిల్లాణ్ణి కసరడం, తరవాత ఆ గొంతు. మస్తానమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. ఎవరిదిది? ఇంత పైకి పోతోంది, ఇంకా పైకి పోతోంది, పోయి అక్కడ ఆగి, తొందర లేకుండా, మెట్లు తెలిసిన మనిషిలా దిగుతోంది. ఇది ఆమెదేనా? ఉన్నప్పుడు ఇంత ఉందని తెలియదు. తను పాడుతుంటే తనకు వినపడేది వేరు. ఇట్లాంటిది తనలో ఉండిందని తెలిసి ఉంటే ఇంకొంచెం జాగ్రత్తగా చూసుకునేదా, ఇంకొంచెం తక్కువ ఖర్చుపెట్టేదా? కుళ్ళుకుంది, తన మీద తనే. అత్తా, అన్నదానాల తల్లీ, వాకిట్లోకి వచ్చినోళ్ళను వట్టిచేతుల పంపని అమ్మా అని పాడుతోంది ఆ గొంతు. వెంకటరత్నమ్మ ఎవరికీ గుప్పెడు ఉప్పు ఊరికే ఇచ్చిన మనిషి కాదు. మంచిదే, కానీ అన్నదానాలా? నాయన వద్దన్న అబద్ధాలు ఇవే. రాగం అంత బాగుంటే లోపల అబద్ధముందని ఎవరు చూస్తారు, ఆమే చూడలేదు. చరణం అయింది, ఊపిరి తీసుకోవడానికి గొంతు ఆగింది. ఆ సందులో, ఫోనుకు దూరంగా, మగవాళ్ళు కూచున్నవైపు నుంచి, ఒక ముసలి గొంతు వినిపించింది. "నీళ్ళియ్యండమ్మా ఆ పిల్లకి. గొంతెండుకపోతాది."

మస్తానమ్మ ఇయర్ ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. శవం చుట్టూ వంద మంది కూచుని ఆమె రాగం వింటుంటే, నాయన ఒక్కడే గొంతు ఎండటం విన్నాడు. అప్పటికి జబ్బు ఉందో లేదో ఆమెకే తెలియదు. కళ్ళ వెనక మంట, కనురెప్పలు గరుకు, ఎదుటి సీటు, గంప, కావ్య ముఖం అన్నీ మసక. ఇది ఏడుపే. దీన్ని ఎవరికి చూపించను? కావ్య వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. వద్దు. "మరి ఊర్లో ఏమనుకుంటారమ్మా?" అంది పిల్ల. అనుకోనీ అనడానికి ఆమెకు గొంతు రాలేదు, ధైర్యమూ రాలేదు. అనుకుంటారు. ఊళ్ళోవాళ్ళందరికీ ఏడ్చింది, కన్నతండ్రికి ఒక్క రాగం తీయలేదు, కళ్ళు కూడా తడవలేదు అంటారు. జబ్బు పేరు చెబితే అర్థమయ్యేది కాదు. గొంతుకు జబ్బు సరే, కళ్ళకేమైంది అంటారు.

కంభం వచ్చింది, జనం దిగారు, జనం ఎక్కారు. శ్రీశైలమ్మ ఏమంటుందో. రమేష్ పెళ్ళాం, వదిన, నాయనకు ఈ పదేళ్ళూ అన్నం పెట్టిన మనిషి. శ్రీశైలమ్మకు రాగం రాదు, బొత్తిగా రాదు. జోల పాడితే పిల్లలు లేచి కూచునేవాళ్ళు. "మా కోడలు పాడితే గొర్లు దొడ్డి దూకుతయ్" అని నాయన నవ్వేవాడు, ఆమె కూడా నవ్వేది. కానీ పన్నెండేళ్ళ కిందట శ్రీశైలమ్మ తల్లి పోయినప్పుడు నవ్వు కాలేదు. శవం పక్కన కూచుని ఆ పిల్ల తనకు వచ్చినట్టు, వంకర టింకరగా, అమ్మా అమ్మా అని ఏదో ఎత్తుకుంది. జనంలో గుసగుస మొదలైంది. మస్తానమ్మ తట్టుకోలేకపోయింది. ఆ అపస్వరం ఆమె చెవులకు ముల్లులా గుచ్చుకుంది. ఎవరూ అడగకుండానే లేచి ముందుకు పోయి, వదినను భుజం పట్టి కొంచెం పక్కకు జరిపి, తను ఎత్తుకుంది. ఎంత గొప్పగా పెట్టింది! అందరూ గుండెలు బాదుకున్నారు, వచ్చేటప్పుడు ఆమెను పొగిడారు. శ్రీశైలమ్మ మాత్రం గోడకు ఆనుకుని, తన తల్లి శోకాన్ని ఊరివాళ్ళతో పాటు కూచుని వింది. ఆ తరవాత ఏ రోజూ ఏమీ అనలేదు. పండక్కి చీర పెట్టేది, అన్నం వడ్డించేది, వదినా అంటే పలికేది, ఎదురుగా కూచుని మాట్లాడేది కాదు. ఎందుకో మస్తానమ్మకు పన్నెండేళ్ళు అర్థం కాలేదు. ఇవాళ, తన నాయన శోకం ఇంకెవరైనా లేచి ఎత్తుకుంటారేమోనన్న భయం కంభం దాటాక తనకే పట్టుకున్నప్పుడు అర్థమైంది. సాటి మనిషి దగ్గర ఆమె తీసుకున్నది ఇదీ అని ఇప్పుడు తెలిసింది.

గిద్దలూరులో దిగి ఆటో ఎక్కారు. ఊరు అరగంట. నల్లమల కొండలు ఎండలో బూడిదరంగుగా ఉన్నాయి, చేలల్లో కంది కొట్టేశారు, మోళ్ళు మిగిలాయి. మంద కట్టే చేలు. కావ్య గడియారం చూసి సంచిలోంచి కంటిచుక్కల సీసా తీసింది. రెండు గంటలకోసారి వేయాలి, వేయకపోతే కళ్ళు పుండ్లు పడతాయన్నారు. చుక్క వేస్తే కంట్లో సగం ఉంటుంది, సగం చెంప మీదికి కారుతుంది. మూత తీసిన సీసాను చూసి మస్తానమ్మకు ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన కావ్యకూ వచ్చిందని పిల్ల తన చెంపల వైపు చూడటంలో తెలిసింది. ఇప్పుడు వేసుకుంటే, ఇంటి ముందు దిగేసరికి రెండు చెంపలూ తడిగా ఉంటాయి. ఎవరూ ఏమీ అనరు. పాపం గొంతు పోయింది, కన్నీళ్ళు చూడండి అంటారు. మంట కూడా తగ్గుతుంది. తల వెనక్కి వాల్చింది కూడా. పైన ఆటో గుడ్డ చినిగినచోట ఆకాశం కనపడింది. అబద్ధాలొద్దు అన్నాడు కదా. వేళ్ళు మడిచి మరీ చెప్పాడు. ఆమె లేచి కూచుని కావ్య చెయ్యి పట్టుకుని సీసా మూత తనే బిగించింది. "మంట పుడ్తదమ్మా" అంది కావ్య. పుట్టనీ అని ఆమె పెదవులు కదిపింది.

ఊరి మొదటి ఇంటి దగ్గర ఆటో ఆపించి దిగింది. ఇక్కడ ఎత్తుకోవాలి. వీధి ఎంత పొడుగు! నోరు తెరిచింది, నాయనా అంది, మాట పళ్ళ దాకా వచ్చి అక్కడే ఆరిపోయింది. ఎవరూ రాలేదు. ఎవరో వస్తున్నారని ఎవరికి తెలుస్తుంది? తల్లీకూతుళ్ళు చుట్టపుచూపుకు వచ్చినవాళ్ళలా నడుచుకుంటూ పోయి షామియానా కిందికి చేరారు. ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్ళు తల ఎత్తారు. "మస్తానమ్మ గదా!" "రాగమే తీయకపోయె." "కండ్లు చూడు, తడన్నా లేదు." రమేష్ వచ్చి చెల్లెలి తల మీద చెయ్యి పెట్టి వెనక్కి తగ్గాడు. ఆదెయ్య చాప మీద ఉన్నాడు, గొంగడి కాళ్ళ దాకా కప్పారు, పాదాలు మాత్రం బయటికి వచ్చాయి, పొడుగు మనిషి కదా. మడమల పగుళ్ళు కడిగినా పోలేదు. మస్తానమ్మ తల దగ్గర కూచుంది. ఆడవాళ్ళంతా ఏడుపు ఆపారు. ఆమె మొదలుపెడుతుందని ఆపారు. అంత నిశ్శబ్దంలో ఆమె నోరు తెరిచి, గాలి వదిలి, మూసుకుంది. మళ్ళీ తెరిచింది. ఎవరో దగ్గారు. ఇంత సిగ్గు ఆమె ఎన్నడూ పడలేదు.

అవతలివైపు కూచున్న శ్రీశైలమ్మ లేచింది. వచ్చి పక్కన కూచుని, తన చెవి తెచ్చి ఆడబిడ్డ నోటికి ఆనించింది. "చెప్పు. నువ్వు చెప్పు, నేనంటా." మస్తానమ్మ ఆమె ముఖం చూసింది. అందులో వెటకారం లేదు, క్షమాపణ అడగమన్న పట్టూ లేదు. చెప్పింది, చెవిలో, ఊపిరితో. గొంగడి కప్పుకున్న నాయనా, గొర్లు కాసుకున్న నాయనా. శ్రీశైలమ్మ అందుకుంది. దేవుడా, ఏం గొంతది! ఎక్కవలసినచోట దిగింది, దిగవలసినచోట విరిగింది. వెనక ఎవరో పిల్ల కిసుక్కుమంటే తల్లి వీపు మీద ఒకటిచ్చింది. మస్తానమ్మ పళ్ళు బిగించి రెండో మాట చెప్పింది, వారంలో అరవై జీవాలను పాతిపెట్టిన నాయనా. శ్రీశైలమ్మ అంది, వంకరగా, గట్టిగా, ఊరి చివరకు వినపడేలా. మగవాళ్ళల్లో ఒక ముసలాయన ఆ ఏడు గుర్తొచ్చి తలపాగా తీశాడు. మూడో మాటకు మస్తానమ్మ ఊపిరి తీసుకునేలోగానే శ్రీశైలమ్మ ముందుకు పోయింది. గిద్దలూర్ల బయలెల్లి నాయనా, కంభంల నీళ్ళు తాపి నాయనా, తర్లుపాడు దాటి నాయనా.

మస్తానమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఈ వరస ఈమెకెట్లా తెలుసు? శ్రీశైలమ్మ రాగం ఆపి, మామూలు గొంతుతో, ఆమెకొక్కతికే చెప్పింది. "పోయిన నెల పాడమన్నాడు. నీళ్ళు పోస్తుంటే. నాకు రాదు గదా మామా అంటే, నా కూతురు పాడనన్నాది, ఇంక నువ్వే గతి, వచ్చినట్టు పాడు అన్నాడు. ఊర్లు ఆయనే చెప్పినాడు. పాడినా." "ఇన్నాడా?" అని ఊపిరితో అడిగింది మస్తానమ్మ. "ఇన్నాడు. ఇని శానా నవ్వినాడు. మల్లొకసారి పాడమన్నాడు." మస్తానమ్మకు గుండెలో ఒక పక్క కుళ్ళు, ఒక పక్క బరువు దిగడం, రెండూ ఒకేసారి జరిగాయి. విన్నాడు. తను వినిపించలేదు, కానీ విన్నాడు. వదిన భుజం మీద తల పెట్టింది. శ్రీశైలమ్మ ఆ తల అట్లాగే ఉండనిచ్చి, ఆపినచోట మళ్ళీ ఎత్తుకుంది. మార్కాపురం చేరి నాయనా, కనిగిరిల మంద కట్టి నాయనా.

"దొనకొండ."

ఎవరన్నారో ఎవరికీ తెలియలేదు. గరగరమని, చీలిపోయి, మగదీ ఆడదీ కాని గొంతు. మస్తానమ్మ తల ఎత్తి ఉంది. మెడ నరాలు తేలి ఉన్నాయి. "ముందు దొనకొండ, ఒదినా."

శ్రీశైలమ్మ తడబడింది. "కనిగిరి పొయ్యేదాంట్లో దొనకొండేంది? మామ గూడ అట్లనే అన్నాడు. ముసలాయన దారి మర్సిపోయినాడేమో అనుకుంటి."

"మర్సిపోలే." ఈ మాటలకు గొంతు చాలుతుందో లేదో ఆమెకు తెలియదు, చాలింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళు కూడా విన్నారు. "అది దారిలో రాదు. నాయనే వచ్చేటోడు."

ముందు కావ్య ఏడ్చింది, ఆమె వెనక ఆడవాళ్ళంతా ఏడ్చారు, రమేష్ గుంజ పట్టుకుని ఏడ్చాడు. ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చారు. మస్తానమ్మ పొడికళ్ళతో, మండుతున్న కళ్ళతో వదిన వైపు చూసి తల ఊపింది. శ్రీశైలమ్మ మార్కాపురం నుంచి మళ్ళీ ఎత్తుకుంది, ఈసారి దొనకొండ మీదుగా.